ఎన్ని ఇంచులు

అరచేతిల కొబ్బరికాయ పెట్టుకొని
మా చెల్కంత తిరిగిండు బుచ్చిరాములు.
కాయ నిలువుగ లేచిన తావుల మడిమతోని గీత గీసి
"ఈడ. రెండొందల నలభై ఫీట్లు. రెండించులు తప్పది" అన్నడు.
నాలుగొందలకు పోయినా దుమ్మే లేచింది.
తెల్లటి దుమ్ము. మా ఆమె కొప్పు మీద,
అప్పు తెచ్చి కొన్న కేసింగు పైపుల మీద.
ఇంకోటి చూపిండు. అదీ దుమ్మే.
మూడోది నేనే మొండికి వేయించిన, అది లెక్కల పెట్టను.

పదకొండేండ్లాయె.
అప్పు తీరింది.

ఇప్పుడు నా భుజం పట్టుకొని
నల్లగొండల ఆటో దిగుతుండు.
కాళ్లు లేస్తలేవు.
నేలకెవరో బంక పూసినట్టు జరుపుకుంట వస్తుండు.
కొడుక్కు వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీల సెలవు దొరకలే,
కోడలికి నెలలు నిండినయి.
పక్క చెల్కోన్ని, నన్నడిగిండ్రు.

డాక్టరమ్మ మూడు మాటలు చెప్పింది:
గొడుగు, చింతకాయ, రైలు.
"మళ్లడుగుత, యాదుంచుకో పెద్దాయనా."
ఐదు నిమిషాలకు అడిగితే
గోడ మీది క్యాలెండరు దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.
"చింతకాయ" అన్నడు.
"తక్కినయి నీ దగ్గర్నే ఉన్నయి గదమ్మా."
కానీ అడగకుండనే చెప్పుకుంట పోయిండు:
చందంపేట తొవ్వల మామిడితోట బోరు, నూట అరవై.
బడి వెనుకది మూడొందల పది, జర ఉప్పన.
పడ్డయన్నీ చెప్పిండు.
ఎండినయి చెప్పలే.
నేను కుర్చీల అటిటు మెసిలిన.
మర్చిపోయిండా,
మొదట్నుంచీ యాది పెట్టుకోనే లేదా?
ఏ మిషన్ల తెలుస్తది ఇది?

వెండి మొలతాడు, రాగి ఉంగరం,
బీడీల కట్ట నడుమ దొరికిన ఒక నట్టు
అన్నీ నా దోసిట్ల పోసిండ్రు.
అద్దం ఇవతల కూసున్న.
తలకాయ ముందు, కాళ్లు వెనుక,
సొరంగంలకు పోయిండు బుచ్చిరాములు.
మొదలైంది చప్పుడు.
దడదడదడ. ఆగి, టక టక. మళ్ల దడదడ.
నాకెరుకైన చప్పుడే.
రిగ్గు లారీ వచ్చిన రాత్రి తెల్లారేదాంక
ఫీటుకింత అని లెక్కవెట్టుకుంట విన్న చప్పుడు.
అలవాటున ఇప్పుడు గూడ లెక్కవెట్టిన.
నలభై. అరవై. నల్లరాయి. నూట ఇరువై.

పొద్దుమీకి తెర మీద
తలను పొరలు పొరలుగ కోసి చూపింది డాక్టరమ్మ,
కత్తి లేదు, నెత్తురు లేదు.
ముందుగాల ఉల్లిగడ్డ అనుకున్న.
నడిమిట్ల సీతాకోకచిలుక తీరు ఒక తెలుపు,
ఉండాల్సినదాని కన్నా రెక్కలు ఎక్కువ ఇప్పింది.
"ఇదేంది మేడం?"
"నీళ్లు."
నాకు నవ్వాగలే. ఎనుకనే సిగ్గేసింది.
మూడు మండలాల భూమి కడుపు దేవినోడు,
నా చెల్కల దొరకనివి
తన నెత్తిల పెట్టుకొని తిరుగుతుండు.

"అందరికీ ఉంటయి" అన్నదామె.
"ఈయనకు పోయే తొవ్వ సరిగ లేదు, నిలిచినయి.
ముసలితనం మతిమరుపు ఒక్కటే అయితే చేసేది తక్కువ.
ఇదైతే, నడుముల కెల్లి కొన్ని తీసి చూస్తం.
నడక మారితే హైదరాబాదుల పైపు వేస్తరు.
యాది ఎంత మర్లి వస్తదో మాటియ్యలేను."

మాటియ్యలేను.
ఆ ఒక్క ముక్క ఆనాడు బుచ్చిరాములు నోట వినుంటే
రెండో బోరు వేయకపోదును.

తెల్లారి సూది.
మోకాళ్లు కడుపులకు ముడుచుకొని ఒరిగిండు.
చెయ్యి పట్టుకోమన్నరు, పట్టుకున్న.
చుక్క. చుక్క. సన్న గొట్టంలకు,
మా ఊరి ఏ నీళ్లూ అంత తేటగ ఉండవు.
కండ్లు మూసుకొనే అడిగిండు:
"పడ్డయా?"
"పడ్డయి."
"ఎన్ని ఇంచులు?"
పదకొండేండ్ల మాట నాలిక కొసకొచ్చింది.
మింగి,
"రెండు" అన్న.

మాపటీలి వార్డు గడప కాడ
ఆయన కుడికాలు లేచింది.
లేచిందనే అనిపించింది నాకు.
నర్సు గడియారం చూసి రాసుకున్నది:
పదహారు అడుగులు, ఇరువై రెండు సెకండ్లు.
నిన్న ఎన్ని పట్టెనో
అడుగుదామనుకొని మర్చిపోయిన.